కేసరి పువ్వు రంగు చూసి పప్పులో విషం చెప్పగలమా? పూల రంగు వెనుక జన్యువుల లెక్క

ఛత్తీస్‌గఢ్‌లోని ఉక్కు నగరం భిలాయి పొలిమేర దాటితే దుర్గ్ జిల్లా వరి పొలాలు మొదలవుతాయి. ఇక్కడ వరి కోతకు కొన్ని రోజుల ముందు, నేలలో తడి ఉండగానే, నిలబడి ఉన్న పైరులో మరో పంట విత్తనాలు చల్లుతారు. కృష్ణా, గోదావరి డెల్టాల్లో మినుము, పెసర చల్లినట్టే. ఈ పద్ధతిని స్థానికంగా ఉతేరా అంటారు. అలా చల్లే పంటల్లో ముఖ్యమైనది తివరా. తెలుగువారికి ఇది కేసరి పప్పుగా తెలుసు. కందిపప్పులోనూ శనగపిండిలోనూ కల్తీ చేస్తారని వార్తల్లో తరచూ వినిపించే పేరు ఇదే. శాస్త్రీయ నామం లాథిరస్ సటైవస్.

ఈ ప్రాంతంలో తివరా పంట చలికాలంలో పూతకు వస్తుంది. ఎక్కువ మొక్కలకు నీలం పూలు పూస్తాయి. గులాబీ, తెలుపు పూలు పూసే రకాలూ ఉన్నాయి. గింజలో మాత్రం నరాలను దెబ్బతీసే ఓడాప్ అనే పదార్థం ఉంటుంది. అది ఏ మొక్కలో ఎంత ఉందో ప్రయోగశాలలో పరీక్షిస్తే తప్ప తెలియదు. పువ్వు రంగు గట్టు మీద నిలబడి చూసినా తెలుస్తుంది. కాబట్టి ఎవరికైనా ఒక ప్రశ్న వస్తుంది. రంగును బట్టి విషం ఎక్కువ ఉన్న మొక్కను, తక్కువ ఉన్న మొక్కను వేరు చేయవచ్చా?

రంగు ఒక్కటే చూసి చేయలేం. ఎందుకు చేయలేమో అర్థం కావాలంటే పూల రంగు తల్లి మొక్క నుంచి పిల్ల మొక్కకు ఎలా వస్తుందో చూడాలి. ఆ కథలో కీలకమైన ప్రయోగం జరిగింది కూడా కేసరికి దగ్గరి బంధువైన ఒక మొక్క మీదే.

మెండల్ లెక్క ఎక్కడ కుదిరింది, ఎక్కడ కుదరలేదు

పూల రంగు అనగానే పదో తరగతి పాఠం గుర్తొస్తుంది. గ్రెగర్ మెండల్ ఊదా పూల బఠాణీని తెల్ల పూల బఠాణీతో సంకరం చేశాడు. మొదటి తరంలో అన్నీ ఊదా పూలే వచ్చాయి. వాటిని తమలో తామే ఫలదీకరణం చెందనిస్తే రెండో తరంలో 929 మొక్కలకు 705 ఊదా, 224 తెలుపు తేలాయి. అంటే దాదాపు 3:1. ఊదా బహిర్గత లక్షణం, తెలుపు అంతర్గత లక్షణం. ఒక జన్యువు, దానికి రెండు రూపాలు.

మెండల్ అదే 1866 నాటి పత్రంలో ఈ లెక్కకు లొంగని ఒక ప్రయోగాన్ని కూడా రాశాడు. తెల్ల పూల చిక్కుడు రకాన్ని ఎర్ర పూల చిక్కుడు రకంతో కలిపితే తర్వాతి తరంలో ఎరుపు నుంచి లేత ఊదా దాకా రకరకాల ఛాయలు వచ్చాయి. పూసిన 31 మొక్కల్లో తెల్లగా ఉన్నది ఒక్కటే. 3:1 ప్రకారం ఏడెనిమిది రావాలి. ఈ మొక్కలో పూల రంగు ఒకే కారకం కాదని, విడివిడిగా సంక్రమించే రెండు లేదా అంతకన్నా ఎక్కువ కారకాలు కలిసి దాన్ని ఏర్పరుస్తూ ఉండవచ్చని మెండల్ ఊహించాడు. పాఠ్యపుస్తకాల్లో 3:1 మిగిలింది, ఈ చిక్కుడు ప్రయోగం పెద్దగా ఎక్కలేదు.

రెండు తెల్ల పూలకు ఊదా పూల సంతానం

ఆ ఊహకు గట్టి రుజువు ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌లో దొరికింది. విలియం బేట్సన్, ఎడిత్ రెబెకా సాండర్స్, రెజినాల్డ్ పన్నెట్ అక్కడ స్వీట్‌పీ మీద పనిచేస్తున్నారు. మన దేశంలోనూ చలికాలపు పూలమడుల్లో పెంచే సువాసన పూల తీగ ఇది. శాస్త్రీయ నామం లాథిరస్ ఒడొరేటస్. అంటే కేసరిదీ దీనిదీ ఒకే ప్రజాతి.

వారి దగ్గర ‘ఎమిలీ హెండర్సన్’ అనే తెల్ల పూల రకం ఉంది. అందులో కొన్ని మొక్కల పుప్పొడి రేణువులు పొడవుగా, మరికొన్నింటివి గుండ్రంగా ఉండేవి. ఈ రెంటినీ సంకరం చేశారు. తెలుపుకు తెలుపు కలిస్తే తెలుపే రావాలని అనుకుంటాం. వచ్చిన మొదటి తరం మొత్తం ఊదా పూలు పూసింది. రెండో తరంలో ప్రతి 16 మొక్కలకు సుమారు 9 రంగు పూలవి, 7 తెల్ల పూలవి అయ్యాయి.

దీనికి వివరణ ఇదీ. రంగు రావాలంటే రెండు వేర్వేరు జన్యువులు పనిచేయాలి. ఒక తెల్ల మొక్కలో మొదటి జన్యువు బాగుంది, రెండోది చెడింది. మరో తెల్ల మొక్కలో మొదటిది చెడింది, రెండోది బాగుంది. రెండూ తెల్లగానే కనిపిస్తున్నా కారణాలు వేరు. వాటిని కలిపితే సంతానానికి ఒక్కో జన్యువుకు పనిచేసే ప్రతి ఒకటి అందుతుంది. రంగు తిరిగొస్తుంది.

రెండో తరంలో మొదటి జన్యువు పనిచేసే రూపం కనీసం ఒకటి దక్కే అవకాశం నాలుగింట మూడు. రెండో జన్యువుకూ అంతే. రెండూ ఒకే మొక్కలో పడే అవకాశం 3/4 ఇంటూ 3/4, అంటే 9/16. మిగిలిన 7/16లో ఏదో ఒకటి లేదా రెండూ లోపించాయి కాబట్టి అవి తెలుపు. ఇలా ఒకదానికొకటి తోడైతేనే ఫలితమిచ్చే వాటిని పూరక జన్యువులు అంటారు.

కథ అక్కడితో ఆగలేదు. రంగు వచ్చిన మొక్కల్లో కొన్ని ఊదా, కొన్ని ఎరుపు. దాన్ని తేల్చేది మూడో జన్యువు. మూడింటినీ కలిపి లెక్కిస్తే 64 మొక్కలకు 27 ఊదా, 9 ఎరుపు, 28 తెలుపు. మెండల్ సూత్రాలు ఇక్కడ తప్పలేదు. ప్రతి జన్యువూ విడిగా 3:1 ప్రకారమే నడుస్తోంది. మూడూ కలిసి ఒకే లక్షణంలో బయటపడటం వల్ల కంటికి కనిపించే లెక్క మారింది.

రంగు తయారయ్యే వరుస

జన్యువులు ఇలా ఒకదాని మీద ఒకటి ఎందుకు ఆధారపడతాయో ఆనాటి వారికి పూర్తిగా తెలియదు. తర్వాతి దశాబ్దాల్లో జీవరసాయన శాస్త్రం ఆ వరుసను విప్పింది.

నీలం, ఊదా, ఎరుపు, గులాబీ పూల రంగు చాలా మొక్కల్లో ఆంథోసయనిన్లు అనే వర్ణకాల వల్ల వస్తుంది. ఫినైల్ అలనిన్ అనే అమైనో ఆమ్లంతో మొదలై ఒక్కో మెట్టులో ఒక్కో ఎంజైమ్ దాన్ని మారుస్తూ పోతే చివరికి ఆంథోసయనిన్ తయారవుతుంది. కణంలోని రిక్తికలో అది నిల్వ ఉంటుంది. ఒక్కో ఎంజైమ్ తయారీకి సూచన ఒక్కో జన్యువులో ఉంటుంది.

భిలాయి ఉక్కు కర్మాగారం తెలిసినవారికి ఈ వరుస కొత్తగా అనిపించదు. కోక్ ఓవెన్లలో బొగ్గు కోక్ అవుతుంది. బ్లాస్ట్ ఫర్నేస్‌లో ఇనుప ఖనిజం కరిగి ద్రవ ఇనుము అవుతుంది. స్టీల్ మెల్టింగ్ షాప్‌లో అది ఉక్కు అవుతుంది. రైల్ మిల్లులో పట్టా అవుతుంది. మధ్యలో ఏ విభాగం ఆగినా చివర పట్టా బయటకు రాదు. గేటు బయట నిలబడి చూసేవారికి పట్టాలు రావడం లేదన్నది ఒక్కటే తెలుస్తుంది. ఆగింది ఫర్నేసా, మిల్లా అన్నది తెలియదు. తెల్ల పువ్వు కూడా అంతే. వరుసలో ఎక్కడో ఆగిందని మాత్రమే అది చెబుతుంది.

ఎంజైమ్‌లను తయారుచేసే జన్యువులతో పాటు వాటిని ఎప్పుడు, ఎక్కడ పనిచేయించాలో నిర్ణయించే నియంత్రణ జన్యువులు కూడా ఉంటాయి. యంత్రాలన్నీ బాగున్నా కరెంటు సరఫరా లేకపోతే కర్మాగారం నడవనట్టే, ఇవి చెడితే ఎంజైమ్ జన్యువులు బాగున్నా రంగు రాదు. మెండల్ బఠాణీలో ఊదాకూ తెలుపుకూ తేడా తెచ్చింది ఇలాంటి నియంత్రణ జన్యువే. 2010లో న్యూజిలాండ్ శాస్త్రవేత్త రోజర్ హెలెన్స్ బృందం దాన్ని గుర్తించింది. ఆ జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారడంతో దాని సందేశం సరిగ్గా కూర్చబడక పువ్వు తెల్లబడిందని తేల్చింది. మెండల్ ఒకే జన్యువు ఫలితం చూడటానికి కారణం ఆయన ఎంచుకున్న రకాల్లో వరుసలోని మిగతా జన్యువులన్నీ బాగుండటమే.

ఒక జన్యువు ఇంకో దాన్ని కప్పేస్తే

బఠాణీలోనే ఇంకో జన్యువు ఉంది. వర్ణకానికి ఊదా ఛాయ తెచ్చే ఎంజైమ్‌ను అది తయారుచేస్తుంది. అది చెడితే పూలు గులాబీ రంగులో వస్తాయి. ఇప్పుడు నియంత్రణ జన్యువూ ఈ ఛాయ జన్యువూ రెండూ విభజన చెందే సంకరం తీసుకుంటే 16 మొక్కలకు 9 ఊదా, 3 గులాబీ, 4 తెలుపు వస్తాయి. ఆ నాలుగు తెల్ల మొక్కల్లో మూడింటికి ఊదా ఛాయ ఇచ్చే జన్యువు ఉంది, ఒకదానికి లేదు. నియంత్రణ జన్యువు పనిచేయకపోవడం వల్ల ఆ తేడా పైకి తేలదు. ఇలా ఒక జన్యువు మరో జన్యువు ఫలితాన్ని కప్పేయడాన్ని ఎపిస్టాసిస్ అంటారు. ఈ మాటకు మూలం బేట్సనే.

ఎపిస్టాసిస్‌ను బహిర్గతత్వంతో కలిపేయకూడదు. బహిర్గతత్వం ఒకే జన్యువు రెండు రూపాల మధ్య సంబంధం. ఎపిస్టాసిస్ రెండు వేర్వేరు జన్యువుల మధ్య సంబంధం. సాయంత్రం పూసే చంద్రకాంత మొక్కలో ఎరుపు, తెలుపు కలిస్తే గులాబీ రావడం మొదటి కోవకు చెందుతుంది. అది అసంపూర్ణ బహిర్గతత్వం, జన్యువుల పరస్పర చర్య కాదు.

వర్ణకం తయారైనంత మాత్రాన రంగు ఖాయం కాదు. జపాన్‌లో పెంచే మార్నింగ్ గ్లోరీ మొగ్గ ఊదాగా ఉండి విచ్చేసరికి నీలం అవుతుంది. వర్ణకం అదే. రిక్తికలోని రసం ఆమ్లత తగ్గడంతో రంగు మారుతుంది. దానికీ ఒక జన్యువు ఉందని, అది చెడితే పువ్వు ఊదాగానే ఉండిపోతుందని 2000లో ప్రచురితమైన పరిశోధన చూపింది. పెటూనియాలో కథ ఇంకా వింత. రంగు గాఢంగా రావాలని వర్ణక జన్యువుకు అదనపు ప్రతిని చేర్చితే కొన్ని పూలు పూర్తిగా తెల్లబడ్డాయి. అదనపు ప్రతి అసలు జన్యువును కూడా నోరు మూయించింది. 1990లో వెలువడిన ఆ ఫలితం ఆర్ఎన్ఏ జోక్యం అనే పెద్ద ఆవిష్కరణకు తొలి సూచనల్లో ఒకటి.

కేసరి పువ్వులో 13:3

దుర్గ్ పొలాల్లోని మొక్క విషయానికి వస్తే, 1996లో తివారీ, క్యాంప్‌బెల్ అనే పరిశోధకులు ‘యుఫైటికా’ పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించారు. నీలం, తెలుపు పూల కేసరి రకాల సంకరాల్లో రెండో తరం 13 నీలం, 3 తెలుపుగా విడిపోయిందని వారు గమనించారు. ఇందులో రెండు జన్యువులు ఉన్నాయని, ఒకటి మరోదాన్ని నిరోధిస్తోందని వివరించి, నీలం జన్యువుకు ఎల్‌బి, తెలుపు జన్యువుకు ఎల్‌డబ్ల్యూ అనే పేర్లు ప్రతిపాదించారు.

లెక్క ఇలా నడుస్తుంది. నీలం జన్యువు బహిర్గత రూపం కనీసం ఒకటి ఉన్న మొక్కలు 16లో 12. అవన్నీ నీలమే. మిగిలిన నాలుగింటిలో తెలుపు జన్యువు బహిర్గత రూపం మూడింటికి ఉంటుంది. అవి తెల్లగా పూస్తాయి. రెండూ లేని ఆ ఒక్క మొక్క మళ్లీ నీలం. 12కు 1 కలిస్తే 13.

అంటే నీలం పూల మొక్కలన్నీ జన్యుపరంగా ఒకటి కావు. నీలం జన్యువు ఉండి నీలంగా పూసేవి కొన్ని, తెలుపు జన్యువు లేక నీలంగా మిగిలేవి కొన్ని. రెండు నీలం పూల మొక్కల మనవల్లో తెల్ల పువ్వు కనిపించడం కూడా సాధ్యమే. అలా కనిపిస్తే ఎవరో విత్తనం కలిపారనే అనుమానించనక్కర్లేదు.

విషం దారి వేరు

కేసరి పప్పును వానలు లేని ఏడాది కూడా పండే పంటగా మధ్య భారతం తరతరాలుగా నమ్ముకుంది. కరువులో మిగతావి ఎండిపోతే ఇదే ప్రధాన ఆహారం అయ్యేది. రెండు మూడు నెలలపాటు ప్రధాన ఆహారంగా తిన్నవారిలో కొందరికి కాళ్లు బిగుసుకుపోయి, ఆపై చచ్చుబడేవి. అది నయం కాదు. ఈ వ్యాధే లాథిరిజం. సాగర్ ప్రాంతంలో 1830ల నాటి కరువులో ఊళ్లకు ఊళ్లలో ఇది ప్రబలిందని బ్రిటిష్ అధికారి స్లీమన్ నమోదు చేశాడు. రీవా ప్రాంతంలో వెట్టి కూలీలకు కూలి కింద ఈ గింజలే కొలిచేవారు. కాళ్లు పోయినవారిలో ఎక్కువమంది వారే.

ఓడాప్‌ను వేరుచేసి గుర్తించిన పరిశోధనలు 1964లో వెలువడ్డాయి. బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ నుంచి ఎస్.ఎల్.ఎన్. రావు, పి.ఆర్. అడిగ, పి.ఎస్. శర్మ ప్రచురించారు. ఆ తర్వాతి కాలంలో రావు హైదరాబాద్‌లోని ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పనిచేశారు. అదే ఏడాది ఢిల్లీ నుంచి వచ్చిన మరో పత్రం రచయితల్లో టి.ఆర్. శేషాద్రి ఒకరు. ఆయన 1949 దాకా వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రసాయన శాస్త్ర విభాగాన్ని నడిపి, పూల వర్ణకాల కుటుంబమైన ఫ్లేవనాయిడ్ల మీద విస్తృతంగా పరిశోధించారు. వేడి నీళ్లలో నానబెట్టి ఆ నీళ్లు పారబోస్తే విషం చాలావరకు పోతుందని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు చూపారు. 1961లోనే కేంద్రం కేసరి అమ్మకాన్ని నిషేధించింది. అయినా ఛత్తీస్‌గఢ్‌లో సాగు ఆగలేదు.

పువ్వు రంగు ఫినైల్ అలనిన్ దారిలో తయారవుతుంది. ఓడాప్ దారి అది కాదు. వేరే అమైనో ఆమ్లాల నుంచి, వేరే ఎంజైమ్‌ల ద్వారా అది తయారవుతుంది. దాని చివరి మెట్లలో పనిచేసే రెండు ఎంజైమ్‌లు జతగా కలిసి పనిచేస్తాయని 2023లో ‘నేచర్ కమ్యూనికేషన్స్’లో వచ్చిన పరిశోధన వివరించింది. రంగు వరుస ఆగిపోయిన తెల్ల మొక్కలో విషం వరుస నిక్షేపంగా నడుస్తూ ఉండవచ్చు.

సంక్రమించే తీరూ వేరు. 1996 నాటి అదే అధ్యయనంలో ఎక్కువ ఓడాప్ ఉన్న రకాన్నీ తక్కువ ఉన్న రకాన్నీ కలిపితే మొదటి తరం మధ్యస్థంగా ఉంది. రెండో తరంలో తక్కువ నుంచి ఎక్కువ దాకా అన్ని స్థాయిలూ వచ్చాయి. 13:3 లాంటి స్పష్టమైన గీత లేదు. పైగా నీటి ఎద్దడి, నేలలో జింకు లోపం వంటివి కూడా ఓడాప్ స్థాయిని మారుస్తాయి. రంగు మాత్రం అలా ఊగిసలాడదు.

తెలుపు మంచిదన్న నమ్మకం ఎక్కడిది?

భారత ఉపఖండంలో నీలం పూలు, చిన్న గింజల రకాలు ఎక్కువ. మధ్యధరా ప్రాంతంలో తెల్ల పూలు, పెద్ద తెల్ల గింజల రకాలు ఎక్కువ. మధ్యధరా రకాల్లో ఓడాప్ సాధారణంగా తక్కువగా నమోదైంది. వాటిని పక్కపక్కన పెట్టి చూస్తే తెలుపుకూ తక్కువ విషానికీ సంబంధం ఉన్నట్టే ఉంటుంది. కానీ ఆ రెండూ ఒకే ప్రాంతపు రైతులు తరతరాలుగా ఎంచుకున్న రకాల్లో కలిసి వచ్చిన లక్షణాలు. ఒకటి రెండోదానికి కారణం కాదు. సంకరం చేసిన తర్వాత అవి విడిపోగలవు.

ఇక్కడ ఒక మినహాయింపు గురించి చెప్పుకోవాలి. బేట్సన్ బృందం స్వీట్‌పీలోనే 1905లో ఇంకో వింత చూసింది. ఊదా రంగు, పొడవు పుప్పొడి అనుకున్న దానికన్నా ఎక్కువసార్లు కలిసే సంక్రమించాయి. ఒకే క్రోమోజోముపై దగ్గరగా ఉన్న జన్యువులు కలిసి ప్రయాణిస్తాయని తర్వాత తేలింది. దీన్ని సహలగ్నత అంటారు. కేసరిలో రంగు జన్యువు పక్కనే ఓడాప్‌ను ప్రభావితం చేసే జన్యువు ఏదైనా ఉంటే, ఒక నిర్దిష్ట సంకరంలో రంగు గుర్తుగా పనికిరావచ్చు. అయితే ప్రతి సంకరంలో దాన్ని విడిగా పరీక్షించి తేల్చుకోవాలి. వినిమయం జరిగితే ఆ బంధం తెగిపోతుంది కూడా.

రంగు పనికొచ్చే చోటు

రాయ్‌పూర్‌లోని ఇందిరా గాంధీ కృషి విశ్వవిద్యాలయం ‘ప్రతీక్’, ‘మహాతివరా’ వంటి తక్కువ ఓడాప్ రకాలను విడుదల చేసింది. అంతకుముందే ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ నుంచి ‘పూసా-24’, ‘రతన్’ వచ్చాయి. ఈ రకాలకు అసలు పరీక్ష పొలంలోనే. కేసరి ప్రధానంగా స్వపరాగ సంపర్కం చేసుకునే మొక్కే అయినా తేనెటీగలు పక్క పొలం పుప్పొడిని తెస్తాయి. చుట్టూ నాటు రకాలు ఉంటే ఏళ్లు గడిచేకొద్దీ మంచి విత్తనం కల్తీ అవుతుంది.

ఇలాంటి చోట పువ్వు రంగు కాపలా మనిషిలా పనిచేస్తుంది. తెల్ల పూల రకం వేసిన మడిలో నీలం పువ్వు కనిపిస్తే అది బయటిది లేదా బయటి పుప్పొడి వల్ల పుట్టింది. గింజ కట్టకముందే పీకేయాలి. రకం స్వచ్ఛతకు రంగు మంచి గుర్తు.

ఆ కాపలాకూ పరిమితి ఉంది. 13:3 లెక్క ప్రకారం రెండు బహిర్గత జన్యువులూ లేని నీలం మొక్క పుప్పొడి తెల్ల పువ్వు మీద పడితే వచ్చే సంతానం తెల్లగానే పూస్తుంది. కల్తీ ఒక తరం పాటు కంటికి దొరకదు. ఆ తర్వాతి తరంలో నాలుగింట ఒకటి నీలంగా బయటపడుతుంది. అందుకే విత్తనోత్పత్తి పొలాలకు ఒక ఏడాది చూపు చాలదు. నాటు రకాల నుంచి తగిన దూరం పాటించడం, ఏటా పూత సమయంలో ఏరివేయడం, చివరికి గింజలో ఓడాప్‌ను పరీక్షించడం మూడూ కావాలి. ఏరివేత తర్వాత కూడా పప్పు తినదగినదో కాదో చెప్పాల్సింది ఆ పరీక్షే.